ఆ అమ్మాయిని అందాల రాణి అనకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధం చివరి పేజీలో అమెరికా రోడియో క్వీన్ ఫొటో ఒకటి వేశారు. గుర్రం మీద ఒక అమ్మాయి, టోపీకి ముందువైపు కిరీటం, ఛాతీ మీదుగా పేరు రాసిన పట్టీ, చేతిలో జెండా. కింద నాలుగు లైన్లు. ఆ నాలుగింటిలోనూ ఆ పిల్ల చొక్కా మీది మెరుపుల గురించీ, జుట్టు గురించీ, బూట్ల గురించీ రాసి "అక్కడి సంతల్లో అందాల రాణి" అని ముగించారు. ఫొటో చాలా బాగుంది. రాత మాత్రం నాకు నచ్చలేదు, ఒక రకంగా బాధేసింది కూడా, అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే అవుతుంది. మీకు వీలైనంత వేసుకోండి గానీ మీరు మాత్రం మొత్తం చదవండి.

నేను హైస్కూల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను, ఉండేది గుంటూరు బ్రాడీపేటలో. పుట్టింది పొన్నూరు వైపు ఒక పల్లెలో, ఎద్దులున్న ఇంట్లో. మా నాన్నగారు బండలాగుడు పోటీలకి గిత్తల్ని మేపేవారు. ఇప్పుడు మా అమ్మాయి, అల్లుడు సియాటిల్ దగ్గర ఉంటున్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు సెప్టెంబరులో పుయాలప్ అనే ఊళ్లో జరిగే వాషింగ్టన్ స్టేట్ ఫెయిర్‌కి నన్ను తీసుకెళ్లారు. 1900లో మొదలైన ఫెయిర్ అది. ఒక పక్క రంగులరాట్నాలు, తినుబండారాలు, ఇంకో పక్క ఆవులు, పందులు, కోళ్లు, కుందేళ్లు. పది పన్నెండేళ్ల పిల్లలు తాము పెంచిన దూడని తామే పట్టుకొచ్చి జడ్జి ముందు నిలబెడతారు, ఏం మేపారో, ఎంత బరువు పెరిగిందో జడ్జి అడిగితే చెప్పాలి. అక్కడే నాకు సగం రోజు గడిచిపోయింది. రోడియో ఆ తర్వాత.

రోడియో గురించి తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. పశువుల కాపర్ల రోజువారీ పనుల్లోంచి పుట్టిన పోటీలవి. ఎగిరెగిరి పడే గుర్రం మీద, ఆంబోతు మీద ఒక్క చేత్తో పట్టుకుని ఎనిమిది సెకన్లు ఉండాలి. ఆంబోతు స్వారీకి వంద మార్కులైతే అందులో సగం మనిషికి, సగం ఆంబోతుకి. తాడు విసిరి పశువుని పట్టే పోటీలు వేరే ఉంటాయి. ఆడవాళ్లకి మూడు పీపాల చుట్టూ గుర్రాన్ని తిప్పుకొచ్చే బ్యారెల్ రేసింగ్ ఉంటుంది, పీపా పడిపోతే ఐదు సెకన్లు కలుపుతారు, పదిహేడు సెకన్లకి అటూఇటూగా తేలిపోయే పందెంలో ఐదు సెకన్లు పోతే ఇక ఆశ లేనట్టే.

ఆంబోతుల్ని బయటికి వదలగానే నాకు ముందు కనిపించింది మూపురం. ఇదెక్కడి నుంచి వచ్చిందని మా అల్లుణ్ణి అడిగాను, అతనికి తెలీదు, ఇంటికొచ్చాక చదివి తెలుసుకున్నాను. మన దేశం నుంచి వెళ్లిన పశువులతో, అంటే మన ఒంగోలు జాతి, గుజరాత్ వైపు గిర్, కాంక్రేజ్ లాంటి వాటితో అమెరికా వాళ్లు బ్రాహ్మన్ అనే జాతిని తయారుచేసుకున్నారు. 1924లోనే ఆ జాతి పెంపకందార్ల సంఘం పెట్టుకున్నారు. రోడియో ఆంబోతుల్లో చాలావాటికి ఆ రక్తం ఉంది. బ్రెజిల్‌లో అయితే మన ఒంగోలు పశువుని నెల్లూరు పేరుతోనే పిలుస్తారు, అది వాళ్ల మాంసం వ్యాపారానికే ఆధారం. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ ఫొటోలో అమ్మాయి ఏ పశువుల మధ్య తిరుగుతుందో ఆ పశువుల్లో కొన్ని మనకీ చుట్టాలే, అది మనకి సంబంధం లేని వేడుక అనుకోనక్కర్లేదు.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి. మా అల్లుడితో పనిచేసే ఒకాయన ఇంట్లో గుర్రాలున్నాయి, ఆయన పుణ్యమా అని గుర్రాలు కట్టేసే వెనక భాగంలోకి మమ్మల్ని రానిచ్చారు. అక్కడ పక్క ఊరి రోడియో నుంచి అతిథిగా వచ్చిన ఒక క్వీన్ ఉంది. వాళ్లలో అది ఆనవాయితీ, ఒక ఊరి క్వీన్ ఇంకో ఊరి రోడియోకి వెళ్తుంది, వాళ్లు వీళ్ల ఊరికి వస్తారు. నేను చూసేసరికి ఆ పిల్ల మెరుపుల చొక్కా మీద ఒక పాత మగవాళ్ల చొక్కా తొడుక్కుని, వంగి, గుర్రం ముందు కాలు ఎత్తి తన మోకాళ్ల మధ్య ఇరికించుకుని, చిన్న ఇనప కొక్కెంతో డెక్కలో ఇరుక్కున్న మట్టీ, గులకరాళ్లూ గీకి తీస్తోంది. నాలుగు కాళ్లకీ అదే పని. గోళ్లు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. కుడి అరచేతిలో తాడు ఒరుసుకుపోయిన పాత మచ్చ. ఆ గుర్రం ఆమెది కాదు. ఆ పూటకి ఎవరో ఇచ్చింది, మొదటిసారి చూడటం. అందుకని గుర్రం యజమానిని పక్కన నిలబెట్టుకుని ఒకటే ప్రశ్నలు, జెండా గుడ్డ చెవి పక్కన కొట్టుకుంటే బెదురుతుందా, ఏ వైపు నుంచి ఎక్కితే ఊరుకుంటుంది, చప్పట్లకి ఏం చేస్తుంది, కళ్లెం ఎంత మెత్తగా పట్టాలి. మా అమ్మాయి నాకు ఒక్కొక్కటే తెలుగులో చెప్తోంది. నాకైతే మా నాన్న కొత్తగా కొన్న గిత్త గురించి అమ్మినాయన్ని అడిగే ప్రశ్నలు గుర్తొచ్చాయి, ఇవే, ఇంచుమించు ఇదే వరసలో.

పని అయ్యాక పాత చొక్కా విప్పేసి, చేతులు కడుక్కుని, టోపీ పెట్టుకుని లోపల్నుంచి పిన్నులు గుచ్చుకుంది. తల అటూ ఇటూ గట్టిగా విదిలించి చూసుకుంది. ఇంకో రెండు పిన్నులు గుచ్చింది. గుర్రం పరుగులో ఉండగా టోపీ ఎగిరిపోతే అందరి కళ్లూ దాని మీదే పడతాయట. వాళ్ల లోకంలో అది పెద్ద తలవంపు.

తర్వాత గేటు తీశారు. కుడిచేతిలో పొడుగాటి కర్రకి జెండా, ఎడమచేతిలో కళ్లెం, గుర్రం నాలుగు కాళ్ల మీద దౌడు. మలుపు దగ్గర కూడా వేగం తగ్గించలేదు. జెండా కర్ర గాలికి వెనక్కి లాగుతుంటే ఆ పిల్ల భుజం ఎలా బిగుసుకుందో నేను కూర్చున్న చోటి నుంచే కనిపించింది. ముఖంలో మాత్రం నవ్వు చెదరలేదు. మీ ఫొటోలో ఉన్నది ఆ నవ్వే. ఆ ఒక్క రౌండు కోసం మధ్యాహ్నం నుంచి ఎండలో ఆ పిల్ల పడ్డ పాట్లు మీ ఫొటోలోకి రాలేదు.

అది అయ్యాక లోపలికెళ్లి కూర్చుంటుందనుకుంటారా? తాడు పోటీ అయిన ప్రతిసారీ బరిలో మిగిలిపోయిన కోడెని బయటి గేటులోకి తోలాలి. చాలాచోట్ల ఆ పని క్వీన్లదే. ఆ పశువు ఎటు పరిగెడుతుందో ముందే కనిపెట్టి గుర్రాన్ని అడ్డం పెట్టాలి. మధ్యలో చిన్నపిల్లల్ని గొర్రెల మీద ఎక్కించే పోటీ ఒకటి ఉంటుంది, హెల్మెట్లు పెట్టుకున్న ఐదారేళ్ల పిల్లలు గొర్రెని కరుచుకుని నాలుగడుగులు వెళ్లి కిందపడతారు, ఏడుస్తున్న వాళ్లని లేపి ఒళ్లు దులిపి ఎత్తుకునేది వీళ్లే. స్పాన్సర్ చేసిన కంపెనీల జెండాలు పట్టుకుని తిరిగేదీ వీళ్లే. అన్నీ అయ్యాక గేటు దగ్గర నిలబడి, లైన్లో ఉన్న ప్రతి పిల్లకీ పిల్లాడికీ మోకాళ్ల మీద వంగి సంతకం పెట్టి ఫొటో దిగాలి. మా మనవరాలు గుర్రం ఏం తింటుందని అడిగితే ఆ అమ్మాయి ఎంత ఓపిగ్గా చెప్పిందో, గడ్డి ఎంత, నీళ్లెన్ని, దాణా ఎందుకు ఎక్కువ పెట్టకూడదు, కడుపునొప్పి వస్తే గుర్రం ఎలా దొర్లుతుంది. వెనక పెద్ద లైనుంది. అయినా తొందరపడలేదు.

ఇక ఆ కిరీటం ఎలా వస్తుందో చెప్పాలి. అక్కడ చిన్న ఊళ్ల రోడియోలకీ, జిల్లా ఫెయిర్లకీ, రాష్ట్రాలకీ వేర్వేరుగా క్వీన్లుంటారు. రాష్ట్రాల నుంచి గెలిచిన వాళ్లు డిసెంబరులో లాస్ వేగాస్‌లో, నేషనల్ ఫైనల్స్ రోడియో జరిగే రోజుల్లోనే, మిస్ రోడియో అమెరికా పోటీకి వెళ్తారు. 1950ల నుంచీ నడుస్తోంది అది. మార్కులకి మూడు భాగాలు, గుర్రపుస్వారీ, వ్యక్తిత్వం, రూపం. రూపం ఉంది, కాదనను. బట్టలూ చూస్తారు, నడకా చూస్తారు. కానీ స్వారీ భాగంలో తమ గుర్రం కుదరదు, చీటీ తీస్తే ఏది వస్తే దాని మీద ఎక్కి, ముందుగా ఇచ్చిన పద్ధతిలో ఆ గుర్రాన్ని తిప్పాలి, ఆపాలి, వెనక్కి నడిపించాలి. పైగా రోడియో నిబంధనల పుస్తకం మీద, పశువైద్యం మీద, జీను భాగాల మీద, ఆ వారం వార్తల మీద పరీక్ష. అప్పటికప్పుడు ఇచ్చిన ప్రశ్నకి మైకులో జవాబు చెప్పాలి. జడ్జిల ఎదురుగా కూర్చుని ఇంటర్వ్యూ. ఉపన్యాసం. నేను ముప్పై ఏళ్లకి పైగా పిల్లలకి పరీక్షలు పెట్టిన దాన్ని, ఇది మామూలు పరీక్ష కాదు.

గెలిచాక ఏడాదంతా డ్యూటీ. చాలామంది చదువుకుంటూనో ఉద్యోగం చేసుకుంటూనో శుక్రవారం సాయంత్రం పికప్ వెనక గుర్రం ట్రైలర్ తగిలించుకుని రాత్రంతా నడుపుకుంటూ వెళ్తారు. ఊరేగింపులు, స్కూళ్లు, ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు, లోకల్ టీవీ. తెల్లారగట్ల లేచి గుర్రానికి మేత పెట్టి, పేడ ఎత్తి, తర్వాత జుట్టు సంగతి. చిన్న ఊళ్ల క్వీన్లకి చేతికొచ్చే డబ్బు పెద్దగా ఉండదు, బట్టలూ బూట్లూ పెట్రోలూ తలకి మించిన ఖర్చు, అందుకే స్పాన్సర్ల చుట్టూ తిరగడం, విందులు పెట్టి చందాలు పోగుచేయడం కూడా ఆ పిల్లల పనే. పెద్ద పోటీల్లో స్కాలర్‌షిప్పులిస్తారు, చాలామంది వాటి మీద చదువు పూర్తి చేసుకుంటారు. మీ నాలుగు లైన్లలో ఒక్క లైను దీనికి ఇచ్చి ఉంటే ఎంత బాగుండేది.

దీనికి వెనక ఒక చరిత్ర ఉంది, అది కూడా మన పాఠకులకి తెలియాలి. ఒకప్పుడు ఆడవాళ్లు అక్కడ మగవాళ్లతో సమానంగా ఎగిరిపడే గుర్రాల మీద స్వారీ చేసేవారు, డబ్బూ పేరూ సంపాదించేవారు. 1929లో ఒరెగాన్ రాష్ట్రంలో పెండిల్‌టన్ రౌండప్ అనే పేరున్న రోడియోలో బోనీ మెక్‌క్యారల్ అనే ఆవిడ గుర్రం మీద నుంచి పడి, ఆ దెబ్బలతో కొన్ని రోజులకి చనిపోయింది. మగవాళ్లు పడి చనిపోతే పోటీ ఆపరు. ఆవిడ చనిపోయాక మాత్రం ఆడవాళ్ల గుర్రాల పోటీలు ఒక్కొక్కటే ఎత్తేస్తూ వచ్చారు. 1931లో టెక్సస్‌లోని స్టామ్‌ఫర్డ్‌లో కొత్త పద్ధతి మొదలైంది, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఒక్కో అమ్మాయిని ఆ ఊరి తరఫున పంపిస్తే, మంచి గుర్రం ఎవరిది, మంచి దుస్తులు ఎవరివి, స్వారీ ఎవరు బాగా చేశారు అని చూసి బహుమతి ఇచ్చేవారు. ఇప్పటి క్వీన్ వేషం, ఇప్పటి పీపాల పందెం రెండూ చాలావరకు అక్కడి నుంచి వచ్చినవే. అంటే స్వారీ చేసే ఆడదాన్ని బరిలోంచి తప్పించి ముస్తాబు చేసి గేటు దగ్గర నిలబెట్టారు. ఆ గేటు దగ్గర నుంచే వాళ్లు మళ్లీ లోపలికొచ్చారు. 1948లో టెక్సస్‌లోనే శాన్ యాంజెలోలో 38 మంది ఆడవాళ్లు కూర్చుని తమ సంఘం తాము పెట్టుకున్నారు, ఇవాళ బ్యారెల్ రేసింగ్‌ని నడిపేది ఆ సంఘమే, పేరు మారిందంతే. 1985 నేషనల్ ఫైనల్స్ రోడియోలో, బ్యారెల్ రేసింగ్‌లో, షార్మేన్ జేమ్స్ అనే అమ్మాయి గుర్రానికి పరుగు మధ్యలో తలకున్న కళ్లెం ఊడిపోయింది. ఆగలేదు. ఆ స్కాంపర్ అనే గుర్రం పీపాలన్నీ తిరిగి ఆ రౌండు గెలిచింది. ఆవిడ వరసగా పదేళ్లు, 1984 నుంచి 1993 దాకా, ప్రపంచ ఛాంపియన్. మనిషికీ జంతువుకీ మధ్య ఎంత నమ్మకం ఉంటే అది జరుగుతుందో ఎద్దుల్ని మేపిన వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

పెండిల్‌టన్‌లో ఇవాళ్టికీ క్వీనూ ఆమెతో ఉండే అమ్మాయిలూ గుర్రాల మీద దౌడు తీస్తూ కంచె మీద నుంచి దూకి పచ్చిక బరిలోకి వస్తారు. కంచె దూకడం అందంలోకి వస్తుందా, మీరే చెప్పండి.

అంతా మెచ్చుకోవడానికే రాస్తున్నానని అనుకోకండి. పరుగెత్తే చిన్న దూడని తాడేసి లాగి పడగొట్టే పోటీ నేను చూడలేకపోయాను, తల తిప్పుకున్నాను. వృత్తి రోడియోల్లో పశువుల డాక్టరు అక్కడే ఉండాలన్న నిబంధన ఉంది, అయినా ఆ పోటీ మీద జంతు ప్రేమికుల అభ్యంతరం నాకు న్యాయంగానే అనిపించింది. ఈ ప్రశ్న క్వీన్లకి ప్రతి ఇంటర్వ్యూలోనూ ఎదురవుతుందట, పాపం, నిబంధనలు పెట్టేది ఎవరో, జవాబు చెప్పుకోవాల్సింది వీళ్లు. అలాగే పెద్ద పోటీల్లో పెళ్లయిన వాళ్లకీ పిల్లలున్న వాళ్లకీ వీలు లేదన్న షరతు. అది నాకు అస్సలు నచ్చలేదు. పెళ్లైతే స్వారీ మర్చిపోతారా?

ఇంకో రాష్ట్రం సంగతి ఒకటి చెప్పి మన ఊరికి వస్తాను. మినెసోటా స్టేట్ ఫెయిర్‌లో రోడియో క్వీన్ కాదు, పాడి రైతుల తరఫున ఒక అమ్మాయిని ఎన్నుకుంటారు, 1954 నుంచి ఉన్న పద్ధతి. పాడి ఇంటి పిల్లే అయి ఉండాలి, లేదా ఆ పనిలో ఉన్నదై ఉండాలి. 1965 నుంచి ఆ అమ్మాయి తలని వెన్నలో చెక్కుతారు. సుమారు 40 కిలోల వెన్న ముద్ద, చుట్టూ అద్దాల గది, వెన్న కరగకుండా లోపలంతా చలి, ఆ చలిలో కోటు తొడుక్కుని గంటల తరబడి ఆ పిల్ల కూర్చుంటే జనం బయట నిలబడి చూస్తారు. పాల మీద బతికే ఊళ్లు తమ పిల్లకి ఇచ్చే గౌరవం అది. సంగం డెయిరీ ఉన్న జిల్లా మనది, ఇక్కడ పాలు పితికే ఆడవాళ్లలో ఎంతమంది పేరు ఎప్పుడైనా మైకులో విన్నాం?

మన బండలాగుడు పోటీలకి రండి. సంక్రాంతికీ, శివరాత్రికీ, ఊరి తిరునాళ్లకీ గుంటూరు, పల్నాడు, కృష్ణా, బాపట్ల జిల్లాల్లో ఎక్కడో ఒక చోట జరుగుతూనే ఉంటాయి. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు అని పళ్లు చూసి విభాగాలు చేస్తారు. ఇచ్చిన టైములో ఎవరి జత బండని ఎక్కువ దూరం లాగితే వాళ్లది గెలుపు. నాకు ఆ పోటీలంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. కానీ నేను చూసిన పోటీల్లో ఆడవాళ్లు ఎక్కడున్నారంటే, ఒకరో ఇద్దరో వేదిక మీద ముఖ్య అతిథి పక్కన బొకే ఇవ్వడానికి, మిగిలిన వాళ్లు దూరంగా మేడల మీద.

మా ఇంట్లో తెల్లవారుజామున లేచి గిత్తలకి ఉలవలు ఉడకేసేది మా అమ్మ. తవుడు, తెలగపిండి పాళ్లు ఆవిడకే తెలుసు. గిత్తకి ఒంట్లో బాగా లేదని ముందు కనిపెట్టేదీ అమ్మే, నెమరు వేయడం లేదనో, ముట్టె మీద తడి ఆరిందనో. మా నాన్న పశువుల డాక్టరు కోసం పరిగెత్తేది అమ్మ చెప్పాకే. పోటీలో గెలిస్తే పేపర్లో పేరు నాన్నది, దండ నాన్నకీ గిత్తలకీ. అమ్మ ఒక్కసారి కూడా బరి దగ్గరికి రాలేదు, రమ్మన్న వాళ్లూ లేరు. నాన్న చెడ్డవాడు కాదు, ఎవరికీ ఆ ఆలోచన రాలేదు, అంతే. ఇప్పటికీ ఎద్దులున్న చాలా ఇళ్లలో సంగతి ఇదేనని నాకు తెలుసు, మా బంధువుల ఇళ్లలోనే చూస్తున్నాను.

ఇప్పుడైతే పరిస్థితి అప్పటిలా లేదు. విజయవాడ పక్కన గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ చదివే ఆడపిల్లలు చాలామందే ఉన్నారు. గుంటూరు పక్కన లాంలో పశు పరిశోధన కేంద్రం ఉంది, ఒంగోలు జాతి మందనే అక్కడ పెంచుతున్నారు. పల్లెల్లో ఇంట్లో పశువులున్న డిగ్రీ పిల్లలున్నారు. వీళ్లలోంచి ఏడాదికి ఒక అమ్మాయిని ఎంపిక చేసి ఆ ఏడాది పోటీలన్నిటికీ ప్రతినిధిగా ఎందుకు పెట్టకూడదు? పట్టుచీర కట్టించి హారతి పళ్లెం చేతికిచ్చి నిలబెట్టమని నేను అడగడం లేదు. పరీక్ష పెట్టండి. నోరు తెరిచి పళ్లు చూసి వయసు చెప్పగలగాలి. మూపురం, గంగడోలు, కొమ్ము, డెక్క చూసి ఒంగోలు జాతి లక్షణాలు చెప్పాలి. గాలికుంటుకి, గొంతువాపుకి టీకా ఎప్పుడు వేయించాలో, లంపీ అనే చర్మవ్యాధి వస్తే పశువుని ఎలా విడిగా కట్టాలో తెలిసి ఉండాలి. కొత్త గిత్త ముకుతాడు పట్టుకుని నడిపించగలగాలి. మైకులో నాలుగు మాటలు తడబడకుండా మాట్లాడాలి. పెళ్లయిందా లేదా అని మాత్రం అడగొద్దు.

ఎంపికైన అమ్మాయికి పనులు కూడా ఉండాలి. పోటీ మొదలయ్యే ముందు జతలన్నిటినీ ముందుండి నడిపించుకు రావాలి. ఏ జత ఏ ఊరిది, ఎవరు మేపారు, ఇంట్లో ఎవరు చూసుకుంటారు అన్నది ఆ అమ్మాయే మైకులో చెప్పాలి, ఆ ఇంటి ఆడవాళ్ల పేర్లతో సహా. ఎండ ముదిరితే నీళ్లు పట్టారా, ముల్లుగర్ర వాడుతున్నారా అని చూసి కమిటీకి చెప్పే హక్కు ఆ పిల్లకి ఉండాలి, కమిటీ వినాలి. మిగిలిన రోజుల్లో స్కూళ్లకి వెళ్లాలి. ట్రాక్టర్లొచ్చాక మన పిల్లల్లో చాలామంది ఎద్దుని దగ్గరగా చూడటమే మానేశారు. నా క్లాసులో ఆవుకీ ఎద్దుకీ తేడా చెప్పలేని పిల్లలు కనిపించారు, అదీ గుంటూరు జిల్లాలో.

డబ్బు గురించి అడుగుతారు. ఈ పోటీల బహుమతులు ఇప్పుడు బైకుల దాకా, కొన్నిచోట్ల ట్రాక్టర్ల దాకా వెళ్లాయి. అందులో ఒక చిన్న భాగం ఆ అమ్మాయి చదువు ఫీజుకి పక్కన పెడితే సరిపోతుంది. తిరగడానికి కారూ, తోడుగా ఇంట్లో వాళ్లు ఒకరూ. రాత్రిపూట జరిగే పోటీల్లో ఆడపిల్లకి రక్షణ ఎలా అని మా తమ్ముడే అడిగాడు నన్ను. నిజమైన ప్రశ్నే, దానికి జవాబు ఇంట్లో కూర్చోబెట్టడం కాదని వాడికి చెప్పాను. పోలీసులు ఎలాగూ ఉంటారు, కమిటీ బాధ్యత తీసుకోవాలి, ఆడవాళ్ల కోసం బరి పక్కనే విడిగా గ్యాలరీ కట్టాలి, ఒక మరుగుదొడ్డి పెట్టాలి. ఇన్నేళ్లుగా ఆడవాళ్లు రాకపోవడానికి సగం కారణం ఆ మరుగుదొడ్డి లేకపోవడమే, ఎవరూ పైకి చెప్పరు.

మీ పేపరుకి నాదొక విన్నపం. మళ్లీ ఎప్పుడైనా అలాంటి ఫొటో వేస్తే గుర్రం పేరు రాయండి, ఆ అమ్మాయి ఏం చదువుతోందో రాయండి, ఎన్ని పరీక్షలు దాటి అక్కడికి వచ్చిందో రాయండి. చొక్కా గురించి చివర్లో ఒక లైను చాలు. అలాగే ఈ సంక్రాంతికి బండలాగుడు వార్తలు వేసేటప్పుడు మీ విలేకరుల్ని ఒక్క ప్రశ్న అదనంగా అడగమనండి, ఈ గిత్తలకి ఇంట్లో మేత పెట్టేది ఎవరు అని. జవాబుగా వచ్చిన పేరు కూడా యజమాని పేరు పక్కన అచ్చు వేయండి.

ఏదైనా పోటీ కమిటీ వాళ్లు నేను చెప్పిన ఎంపికకి ముందుకొస్తే ప్రశ్నపత్రం నేను తయారు చేసిపెడతాను, గన్నవరం కాలేజీ వాళ్లతో మాట్లాడటానికి కూడా వస్తాను. నా ఫోన్ నంబరు మీ ఆఫీసుకి విడిగా పంపుతున్నాను, అడిగిన కమిటీ వాళ్లకి ఇవ్వండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
బ్రాడీపేట, గుంటూరు